సగం గీసిన గణపతి

నవాగామ్‌లో మగ్గాల పనికి వలసొచ్చిన మా తెలుగు గల్లీవాళ్లు ఇప్పటికీ నా చేతిలో పెన్సిల్ కనబడితే పిల్లల్ని లోపలికి పిలుచుకుంటారు. తప్పు వాళ్లది కాదు. కరోనా ఏడాది వినాయక చవితికి నేను చేసిన ఘనకార్యం అలాంటిది. వినండి, కడుపుబ్బ నవ్వండి. జాలి మాత్రం పడకండి. ఆనాటి ఆ గాడిదకు అది దక్కకూడదు.

ఒకప్పుడు నేను మగ్గాలకు చీర అంచుల డిజైన్లు గీసేవాణ్ని. ఏ బడిలోనూ నేర్చుకోలేదు, ఆ పొగరు వేరే. కంప్యూటర్లు వచ్చి నా పెన్సిల్‌ను అటకెక్కించాయి. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగగానే నాలోని చిత్రకారుడు ఒళ్లు విరుచుకుని లేచాడు. మొదటి నెమలి తడిసిన కోడిలా వచ్చింది. పట్టువదలక గీస్తే మెల్లగా నెమలిలాగే వచ్చింది. అంతే, కళ్లు నెత్తికెక్కాయి.

ఆ ఏడు మండపం వద్దన్నారు, విగ్రహాలమ్మేవాళ్లూ కనబడలేదు. అందరూ దిగాలుపడితే నేను రొమ్ము విరుచుకున్నాను.

“విగ్రహమెందుకు? తెల్లబట్ట మీద నిలువెత్తు గణపతిని గీస్త!”

“బావా, పెన్సిల్ పట్టి ఎన్నేండ్లాయె? చెయ్యి తిరుగుతదా?” అన్నాడు బావమరిది రాములు.

“నీలెక్క ఫోన్ల చూసి నేర్చినోన్ని కాదురా! ఇంకో గణపతిని ఎవ్వలు తేవద్దని చెప్పు, పో!”

గల్లీ అంతా నన్నే నమ్ముకుంది, పాపం.

చీర డిజైన్‌లో పువ్వును సగమే గీస్తాం. కాగితం తిరగేస్తే మిగతా సగం వచ్చేస్తుంది. గణపతినీ అలాగే గీశాను: ఒక చెవి, ఒక కన్ను, సగం బొజ్జ, పక్కకు తిరిగిన తొండం. గీత వెంబడి సూదితో పొడిచి, బట్ట మీద పరిచి, చిల్లుల్లోంచి గీత దిగేలా బొగ్గుపొడి మూటతో అద్దాను. కాగితం తిరగేసి అవతలి పక్కా అద్దాను. మూతికి మాస్కు, కళ్లద్దాల నిండా ఆవిరి. చెయ్యి అన్నీ మరిచిపోయిందేమోనని భయపడ్డాను గానీ, దిక్కుమాలినది, అన్నీ గుర్తుపెట్టుకుంది. అదే ఊపులో రంగులూ పూసేశాను.

చవితి పొద్దున బట్టను గోడకు తగిలించాను. గల్లీ మొత్తం తల పక్కకు వంచి చూసింది.

“బావా,” అన్నాడు రాములు, “రెండో తొండం ఎవలిది?”

అద్దాలు తుడుచుకుని చూశాను. దేవుడి మొహం నడుమ నుంచి రెండు తొండాలు, పాతకాలపు హవల్దారు మీసాల్లా చెరోవైపు మెలి తిరిగి ఉన్నాయి!

తప్పు ఒప్పుకుంటే నేనెందుకవుతాను? “శాస్త్రం తెల్వనోల్లు నోర్మూసుకోండ్రి. గిది ద్విశుండ గణపతి, అంటె రెండు తొండాల సామి!” అని గర్జించాను. ఆ పేరు అప్పుడే, నా నోట్లోనే పుట్టింది.

ఫోన్‌లోంచి పూజ చేయించాల్సిన పంతులుగారు కళ్లు చిట్లించారు. “జర ఫోన్ సీదా పట్టుండ్రి, తొండం రెండుగ అవుపడుతున్నది.”

“ఫోన్ సీదాగనే ఉంది పంతులుగారూ, మా బావనే ఉల్టా!”

“దీనికి పూజ నాతోని కాదు,” అనేశారు ఆయన. ఉండ్రాళ్లు చల్లారుతున్నాయి. పొద్దుటినుంచి ఉపవాసమున్న పక్కింటి ముసలమ్మ, “దేవుడే లేకపాయె, ఇంక పూజెక్కడిది?” అని కొంగుతో కళ్లొత్తుకుంది.

నా భార్య లక్ష్మి నావైపు చూడనైనా చూడకుండా లోపలికి వెళ్లి, పసుపు తడిపి, ముద్ద చేసి, తమలపాకు మీద పెట్టి తెచ్చింది. “గిగో గణపతి. కానియ్యుండ్రి.”

పంతులుగారు వెంటనే మంత్రం అందుకున్నారు. అప్పుడైనా నేను ఊరుకోవచ్చు కదా?

“ఏమే, ఆ ముద్దకు కండ్లు, చెవులు జర గీస్తనే?”

“చెయ్యి తియ్యి! నువ్వు గియ్యకుంటెనే దేవునిలెక్క ఉన్నడు.”

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: తొండమున్న ఏ ప్రాణినీ ఈ జన్మలో గీయను. చివరకు దోమనైనా సరే.