మరియమ్మత్త ఉన్న గది

మా చిన్నప్పుడు... మార్కాపురంలో మా గదికీ పక్క గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, మట్టి మెత్తిన తడిక. అవతల ఏసోబు మామ దగ్గితే ఇవతల మా నాయనకు మెలకువ వచ్చేది. మట్టి రాలిన చోట చిన్న కంత ఉండేది. అందులోంచి నేనూ, ఏసోబు మామ కూతురు రూతూ చింతగింజలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం.

దొరల కాలం అది. దూరంగా ఎక్కడో యుద్ధం జరుగుతోందని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. మాది పుల్లలచెరువు దగ్గర పల్లె. వరసగా వానలు లేక, కూలి దొరక్క, నాయన మమ్మల్ని మార్కాపురం తీసుకొచ్చి బడిపిల్లల రాతిపలకలు చేసే పనిలో చేరాడు. మాలాగే ఎన్ని పల్లెల నుంచి వచ్చారో... ఊరు పట్టలేదు.

మేమున్నది ఒకప్పటి తోళ్ల మండీ. వ్యాపారం చితికిపోయి మూతపడితే, లోపల తడికలు అడ్డం కట్టి, గదులు చేసి అద్దెకిచ్చారు. పైకప్పు మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలేది. ఎండలు ముదిరితే నేలలోంచి పాత తోళ్ల వాసన లేచేది... మండీ మొత్తానికీ ఒకటే బావి. చేద దగ్గర రోజూ కొట్లాటే.

"పల్లెలో నీళ్లు లేకపోయినా గాలన్నా ఉండె గదయ్యా. ఈడ ఏడ్చుకోను గూడా చాటు లేదు" అనేది అమ్మ.

"గాలి తాగి బతుకుతామా?" అనేవాడు నాయన.

ఆ మండీలో నవ్వు వినిపించేది ఒక్క మరియమ్మత్త దగ్గరే. రూతు వాళ్లమ్మ. మాకు చుట్టం కాదు, తడికే చుట్టరికం. రూతుకు జడ వేసి, "నువ్వూ రా ఎస్తేరూ, చేతికి నూనె అంటనే అంటె గదా" అని నాకూ వేసేది.

ఆ వేసవిలో కలరా వచ్చింది.

మొదట మూలగదిలో ముసలాయన పోయాడు. తర్వాత వాళ్ల కోడలు. సర్కారు మనుషులొచ్చి బావిలో ఎర్రమందు పోసి వెళ్లారు. చేదలో నీళ్లు గులాబీరంగులో పైకొస్తుంటే పిల్లలం మురిసిపోయి చూశాం... ఆ రంగు గుడ్డ ఇప్పటికీ నేను కట్టుకోను.

తిరిగి పోవడానికి పల్లె ఉన్నవాళ్లంతా మూటలు కట్టారు. మేమూ కట్టాం. అప్పుడే ఏసోబు మామ పడిపోయాడు.

మరియమ్మత్త రూతును వెంటబెట్టుకుని మా గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు.

"వదినా, మీ అన్న లేచేటట్టు లేడు. దీన్ని తీసకపోండి."

"నువ్వూ రా మరియా. ఏదన్నా బండి చూసి..." అంది అమ్మ.

"ఈ రోగం మనిషిని ఏ బండోడు ఎక్కించుకుంటాడు? ఆయన్ను ఇడిసి నేనెట్ల వస్తా? వానలు పడినాక నేనే వచ్చి పిలుచుకపోతా."

అమ్మ రూతు చెయ్యి పట్టుకుంది. రూతు ఏడవలేదు. నాలుగు రోజులు ఊరికి పోతున్నట్టే బయల్దేరింది. మేం నడవ దాటుతుంటే వెనకనుంచి మరియమ్మత్త గొంతు వినిపించింది.

"ఎస్తేరూ, దాని చెయ్యి వదలమాక!"

పల్లెలో రూతు రోజూ సందెవేళ బండ్లదారి పక్కన కూర్చునేది. వానలు పడ్డాయి. జొన్న మొలకెత్తింది. మరియమ్మత్త రాలేదు.

నాయన మళ్లీ మమ్మల్ని మార్కాపురం తీసుకొచ్చాడు. మండీ నిండుగా ఉంది. నాయన అద్దె మాట్లాడి ఉంచిన మా గది తప్ప, ఖాళీ అయిన ప్రతి గదిలోనూ పొయ్యి మండుతోంది. రూతు నా చెయ్యి విదిలించుకుని వాళ్ల గదికి పరుగెత్తింది. లోపల ఎవరో ఆడమనిషి రొట్టెలు కాలుస్తోంది. చుట్టూ పిల్లలు.

"ఎవరు కావాల పాపా?"

"మాయమ్మ."

"ఏ అమ్మ? మేమొచ్చేతలికి గది ఖాళీగా ఉండె. సున్నం కొట్టుండె. ముందు ఎవురుండిరో మాకేం ఎరుక తల్లీ!"

నాయన గదిగదికీ తిరిగి అడిగాడు. అందరూ కొత్తవాళ్లే. అద్దె వసూలు చేసే ఆయన విసుక్కున్నాడు.

"ఎంతమందో వస్తారు, ఎంతమందో పోతారు. ఎవురని గురుతు పెట్టుకునేది?"

పలకల పని దగ్గర ఒకతను, ఆ మండీ శవాలను బండి మీద వాగు అవతలికి చేరవేశారన్నాడు. ఇంకొకతను, ఒంటరి ఆడమనిషి ఒకామె గిద్దలూరు దారిన నడిచిపోతుంటే చూశానన్నాడు. ఆ రెండో మాట చెప్పకుండా ఉంటే బాగుండేదేమో...

ఆ కొత్తామె మంచిది. రూతును కూర్చోబెట్టి రొట్టెముక్క పెట్టింది. తన ఇంట్లో తాను చుట్టంలా కూర్చుని, గోడలకేసి చూస్తూ తింది రూతు.

తర్వాత మాతోనే ఉండిపోయింది. తడికకు ఇవతల, మా వైపు. అవతల ఆ తల్లి తన పిల్లలను లాలిస్తుంటే రూతు ఊపిరి బిగబట్టి వినేది. అమ్మ అది చూడలేక తడిక కంతను మట్టితో పూడ్చేసింది.

రూతు నాకు చెల్లెలిగానే పెరిగింది. పెళ్లీడుకొచ్చాక గిద్దలూరు సంబంధమే చూడమంది. ఎందుకని మేమెవరమూ అడగలేదు. అక్కడ ముసలామె ఎవరు కనిపించినా నిలబడి మొహంలోకి చూసేదట... చివరిదాకా అంతే. తనూ పోయి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు నా మనవరాలు పట్నంలో అద్దె ఇంట్లో ఉంటోంది. నేను చెబుతుంటే ఇదంతా టైపు చేస్తున్నదీ తనే. మండీలో తడికలుండేవి, ఇక్కడ గట్టి గోడలు. మాకు కనీసం పక్కవాళ్ల దగ్గు వినిపించేది... ఇక్కడ అదీ లేదు. ఎదురింటి వాళ్లు ఎప్పుడు వెళ్లిపోయారే అంటే, "వెళ్లిపోయారా అవ్వా?" అంటుంది.

మీరూ చెప్పండి... ఇప్పుడు మీరుంటున్న ఇంట్లో, మీకంటే ముందు ఎవరుండేవారు?