పోసవ్వ ఇంటి రోమన్ స్తంభాలు

లింగం మేస్త్రి అబద్ధం చెప్పలేదు. ఇప్పటికీ ఆ మాటే అంటాడు నాతో. వింటే నాకు ఒళ్లు మండుతుంది.

బాన్సువాడలో ముప్పయ్యేళ్లుగా ఇళ్లు కడుతున్నాడు. ఆయన పోసిన స్లాబు కారిందని ఎవరైనా అనగా నేను వినలేదు. సిమెంటు దుకాణం నాది కాబట్టి అలాంటివి ముందు నా చెవినే పడతాయి.

కోటగిరి దారిలో రియల్ ఎస్టేటు హరనాథబాబు ఇళ్ల వెంచరు వేశాడు. నూటయాభై గజాల్లో రెండు గదుల ఇల్లు. బ్రోచర్లో మాత్రం అది రోమన్ రాజప్రాసాదం! రెండొందల ఏళ్లు చెక్కుచెదరని స్తంభాలట, భూకంపానికి బెదరని కట్టడమట. ఆ స్తంభాల కోసం నా దుకాణం నుంచి వెళ్లినవి ప్లాస్టిక్ పైపులు. వాటిలో ఖాళీ సిమెంటు సంచులు కుక్కి, పైన ఇనుప జాలీ చుట్టి, ప్లాస్టరింగు చేసింది లింగమే. నలభై ఇళ్ల పని ఇస్తానన్నాడు హరనాథబాబు. లింగం నోరు మూసుకున్నాడు. పైపులు అమ్మిన నేనూ అంతే, నాకేం సిగ్గు?

పోసవ్వ భర్త పోయాక రెండెకరాల వరి ఒంటిచేత్తో చేసింది. మోకాళ్లు అరిగాక ఎకరం అమ్మి, ఆ వెంచరులో ఇల్లు చూడ్డానికి వచ్చింది. చదువు రాదు. హరనాథబాబు మనిషి బ్రోచరంతా చదివి వినిపిస్తే విని, పక్కనే తాపీ కడుక్కుంటున్న లింగం వైపు తిరిగింది.

"అన్నా, గీ ఇల్లు నువ్వే కట్టినవా?"

"అవ్ చెల్లె, నేనే కట్టిన."

"ఇగ నాకేం ఫికర్ లేదు," అని అక్కడే బయానా డబ్బులు ఇచ్చేసింది.

గృహప్రవేశం రోజు నేనూ వెళ్లాను. ఇల్లు కట్టిన మేస్త్రిని పీట మీద కూర్చోబెట్టి కొత్తబట్టలు పెట్టడం మా వైపు ఆనవాయితీ. లింగం కూర్చున్నాడు. పోసవ్వ కుంకుమ భరిణె తీసింది. ఊళ్లోంచి తోలుకొచ్చిన బర్రెను కట్టడానికి అక్కడ గుంజ లేదు. రెండొందల ఏళ్లు ఉంటుందన్నారు కదా అని పొద్దున్నే ముందరి స్తంభానికి కట్టేసిందామె. డప్పు మోగగానే బర్రె బెదిరి తాడు గుంజింది. పునాదితో సహా పెకలడానికి పునాదే లేదు గనక స్తంభం ఉన్నపళంగా ఊడి, బర్రె వెంట గేటు దాకా పోయింది. పగిలిన చోట సిమెంటు సంచులు వేలాడుతున్నాయి. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

"స్తంభానికి గేదెను కట్టేస్తారా ఎవరైనా?" హరనాథబాబు గయ్యిమన్నాడు. "అది ఎలివేషనమ్మా, అందానికి!"

పోసవ్వ అతని వైపు చూడనే లేదు.

"అన్నా, నీకు ఎర్కనా?"

"ఎర్కనే," అన్నాడు లింగం, తల వంచుకుని.

ఆమె బొట్టు పెట్టింది. బట్టలు చేతిలో పెట్టింది. తిట్టి ఉంటే ఆయన బతికిపోయేవాడు.

ఆ రాత్రి నుంచి పోసవ్వ ఆ ఇంట్లో పడుకోలేదు. బయట బర్రె పక్కన తాటిపత్రి పట్టా కట్టుకుని, వానలు మొదలైనా అక్కడే తడుస్తూ ఉంది. లింగం వెళ్లి బతిమాలాడు. స్లాబులో ఇనుప సలాకలు ఒక్కటి కూడా తక్కువ వెయ్యలేదన్నాడు. అది నిజం, సలాకలు నేనే పంపాను.

"స్లాబు గట్టిదే చెల్లె, నా పిల్లల మీద ఒట్టు."

"నీ మాట వద్దన్నా. ఇంకో మేస్త్రిని తోల్కరా."

ముప్పయ్యేళ్ల అనుభవమున్న మేస్త్రి మర్నాడు బస్సెక్కి మద్నూర్ వెళ్లాడు. తన దగ్గరే పని నేర్చుకున్న పండరిని తీసుకొచ్చాడు. పండరి పైకెక్కి, కిందికి దిగి, సుత్తితో నాలుగుచోట్ల కొట్టి చూశాడు.

"మంచిగుంది అవ్వా. లోపల పండుకో."

పోసవ్వ మంచం లోపలికి జరిపించుకుని, పండరికి చాయ్ పోసిచ్చింది. గేటు బయట వానలో నిలబడ్డ లింగాన్ని రమ్మనలేదు.