కడుక్కొచ్చిన కాళ్లే కడిగిన గురువారం

నేను చెప్పేదాంట్లో సగం కోతలని నెల్లూరులో నన్నెరిగిన వాళ్లందరికీ తెలుసు. మా చర్చి వెనక వీధిలో దోమలు పులికాట్ కొంగలంత ఉంటాయంటే నమ్మొద్దు. అక్కడి కంపుకి చెన్నై రైలు మా స్టేషన్లో ఆగకుండా పోతుందన్నా నమ్మొద్దు. ఇది మాత్రం జరిగింది.

చర్చికి కొత్తగా కాంపౌండు గోడ కట్టినారు. దాని కింద పాత మురిక్కాలవ పూడిపోయింది. దారిలేని మురుగంతా వెనక వీధి ఇళ్లలోకి ఎక్కింది. అక్కడుండేది ఊరు ఊడ్చే మునిసిపాలిటీ వాళ్లు, మా సంఘస్తులే. వాళ్లలో ఒక అక్క ఇంట్లో బాలింత కూతురు. మంచం కింద మురుగు, మంచం మీద పసిబిడ్డ.

ఆ అక్క ప్రతి ఆదివారం సంఘపెద్దని పట్టుకునేది. "అన్నా, గోడ అడుగున ఒక్క తూము పెట్టించన్నా. బిడ్డ ఒళ్లంతా పుండ్లు లేస్తుండాయి."

"ప్రార్థనలో పెట్టినాం గదమ్మా!"

పెట్టినమాట నిజమే. జ్వరాలకీ, పరీక్షలకీ, పోర్టు ఉద్యోగాలకీ మధ్యన మురిక్కాలవ కోసం కూడా మైకులో ప్రార్థన జరిగేది. గడ్డపార మాత్రం కదల్లేదు.

గుడ్ ఫ్రైడే ముందురోజు, యేసు శిష్యులకి కడిగినట్టు, పాస్టరుగారు పన్నెండుమంది కాళ్లు కడుగుతారు. మావాళ్ల ఆచారమేందంటే, ఆ పన్నెండుమందీ ఇంట్లోనే సబ్బుతో రుద్దుకుని, గోళ్లు తీసుకుని, సెంటు కొట్టుకుని వస్తారు. అయ్యగారికి శ్రమ లేకుండా! ఈసారి నన్నూ కూర్చోబెట్టినారు. మనల్ని మనం తగ్గించుకోవడం గురించి ప్రసంగం అయింది. నా వంతు రాగానే లేచి, తలుపు దగ్గర నిలబడిన అక్కని పిలిచినా.

"రా అక్కా, నా కుర్చీలో కూర్చో."

ఇంట్లో మురుగు తోడి తోడి అట్నే వచ్చినట్టుంది, పిక్కలదాకా నలుపు. సంఘపెద్ద ఉరికొచ్చినాడు.

"పోయి కడుక్కోని రామ్మా!"

"కడిగేదానికే గదన్నా కూర్చోబెట్టేది?" అంటా అక్క కూర్చునింది.

జనం నవ్వినారు. పాస్టరుగారు నవ్వలేదు. చెంబుతో జానెడు ఎత్తునుంచి నీళ్లు పోసి, చెయ్యి తగలనీకుండా తువ్వాలు ఆమెకే ఇచ్చినాడు. ఆ మురుగు నాకు కంపు కొట్టలేదు. వెనక్కి ముడుచుకున్న అయ్యగారి తెల్లటి వేళ్లు కొట్టినాయి.

"అయ్యా, మరి తూము?" అనింది అక్క.

"దేవుడు చూస్తున్నాడమ్మా," అని పక్క కుర్చీకి జరిగి, ఇంకో పళ్లెం తెమ్మన్నాడు.

ఆరాధన అయినాక సంఘపెద్ద ఆమె కాళ్లు కడిగిన పళ్లేన్ని దూరంగా పట్టుకుపోయినాడు. చర్చి ఆవరణ పాడవుతుందని, గోడ మీదుగా అక్కావాళ్ల వీధిలోకి కుమ్మరించినాడు.

మర్నాడు అక్క కూతుర్నీ బిడ్డనీ ఆటో ఎక్కించి, మనుబోలులో ఉండే చెల్లెలింటికి పంపేసింది. ఆటో మా చర్చి గేటు ముందునుంచే పోయింది. లోపల మేం తెల్లబట్టలు కట్టుకుని, సిలువ మీద యేసు పలికిన మాటలు వింటా కళ్లు తుడుచుకుంటున్నాం.