కెజియా అవ్వ తట్టని తలుపు

బోస్టన్ దగ్గరి మార్ష్‌బరోలో పాతికేళ్ళ లోపు వాళ్ళెవరైనా పుట్టగానే చూసింది కన్నతల్లి ముఖాన్ని కాదు, కెజియా హార్లో ముఖాన్ని. ఆ సంగతి ఆవిడ ఎవరినీ మరిచిపోనిచ్చేది కాదు. చర్చి మెట్ల దగ్గర ఎవడైనా పెద్దరికం వెలగబెడుతుంటే, "వీడు కాళ్ళతో ఎదురొచ్చాడమ్మా, అప్పట్నుంచీ అంతా తిరకాసే" అని పక్కవాళ్ళకు వినపడేలా అనేది. ఆ పెద్దమనిషి చెవులు ఎర్రబడేవి.

అవ్వ భర్త కాడ్ చేపల వేటకు పోయి తిరిగిరాలేదు. అప్పుడు అత్తగారి మంత్రసాని సంచీ తీసుకుని భుజాన వేసుకుంది. పొట్టి మనిషి, నోరు పెద్దది. ఆవిడ గుర్రానికి చెముడు. యజమానురాలి మాటలు ఇన్నేళ్ళు భరించాలంటే ఆ మాత్రం చెముడు ఉండాల్సిందేనని ఊళ్ళో అనుకునేవారు.

ఇంగ్లండు రాజుగారు టీ మీద పన్ను వేయడం, బోస్టన్ వాళ్ళు పెట్టెలకు పెట్టెలు టీని సముద్రంలో కలపడం, రాజుగారు మండిపడి రేవు మూయించడం, ఇవన్నీ అవ్వ గిన్నెలోకి టీకి బదులు కోరిందాకు కషాయంగా వచ్చిపడ్డాయి. ఆవిడకి టీ ప్రాణం. అయినా ఊరితో పాటు మానేసింది. దేశం కోసం ప్రాణమైనా ఇవ్వొచ్చుగానీ, ఈ తడి గోనెసంచి రుచిని రోజూ మింగడమే కష్టమని గొణిగేది.

మరుసటి వేసవిలో చార్లెస్‌టౌన్ కొండ మీద రాజుగారి సైన్యంతో యుద్ధం జరిగింది. పీపాలు చేసే బాల్చ్ గారి పెద్దకొడుకు ఎబెన్ అక్కడే పోయాడు. శవం కూడా ఇంటికి రాలేదు. తల్లి జెరూషా తలుపు వేసుకుని కూర్చుంది. కడుపుకోతకు మందేముంటుంది? జనం ఆ ఇంటి ముందు నడిచేటప్పుడు గొంతు తగ్గించేవారు.

ఊరి కోపమంతా జొనాస్ ఎల్మ్స్ మీదికి మళ్ళింది. దుకాణదారు. రాజుగారి పక్షమని దాచుకోని మనిషి. రాజుగారిని ఎదిరిస్తామని ఊరంతా సంతకం చేసిన ప్రమాణ పత్రాన్ని అతనొక్కడే తోసిపుచ్చాడు. అతని దగ్గర ఎవరూ కొనకూడదు, అతనికి అమ్మకూడదు, అతనితో మాట్లాడకూడదు, అతను కంచె దాటి రాకూడదని ఊరి తిరుగుబాటు కమిటీ ఆజ్ఞ వేసింది. అతని భార్య లిడియా అప్పటికి నిండు గర్భిణి. నలభై దగ్గరపడుతున్న మనిషి. అంతకు ముందు మూడు కాన్పులైనా ఒక్క బిడ్డా దక్కలేదు. ఈ ఒక్కటైనా నిలబడాలని ఆమె, ఆమెకంటే ఎక్కువగా అవ్వ, దేవుణ్ణి వేడుకుంటున్నారు.

ఆకులు రాలే కాలం, ఒక పొద్దున్నే జొనాస్ కంచె దగ్గర నిలబడి, దారిన పోతున్న అవ్వకు టోపీ ఊపాడు. లిడియాకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి, కమిటీ ఏమంటుందని ఆగితే ఎలా? అవ్వ గుర్రం దిగింది.

వంటింట్లో లిడియా పంటి బిగువున నొప్పి ఆపుకుంటూ, తన చేత్తోనే గుడ్లు కొట్టి నొప్పుల కేకుకు పిండి కలుపుతోంది. కాన్పుకొచ్చిన ఆడవాళ్ళకు పెట్టే కేకు అది. ఎంతమంది వస్తారనుకుందో ఏమో, పెద్ద గిన్నె నిండా కలిపింది. అంతమందిలో ఎవరొస్తారని అవ్వ ఆ గిన్నె వంక చూసింది.

కడుపు తడిమి చూస్తే బిడ్డ పెద్దది, తల్లికి ఓపిక తక్కువ. ఆ ఊళ్ళో కాన్పంటే పడుకుని కనడం కాదు. బలమైన ఆడది ఒకతె కుర్చీలో కూర్చుని, నొప్పులు పడే మనిషిని ఒళ్ళోకి తీసుకుని వెనకనుంచి పట్టుకోవాలి. అటూ ఇటూ చేతులు పట్టుకునేందుకు ఇద్దరు కావాలి. వాళ్ళను ఇంటింటికీ వెళ్ళి పిలవడం భర్త పని. జొనాస్ కంచె దాటితే రాళ్ళు పడతాయి. అందుకని అవ్వే బయల్దేరింది.

ఇంటింటికీ తిరిగింది. రానన్నవాళ్ళు ఎవరూ లేరు, వస్తానన్నవాళ్ళూ లేరు. కమిటీకి భయపడుతున్నామని ఒక్కరూ ఒప్పుకోలేదు. అందరి నోటా ఒకే మాట. కమ్మరి భార్య దెబోరా అయితే ఏప్రాన్‌తో కళ్ళొత్తుకుని మరీ చెప్పింది.

"నాకేం అభ్యంతరం లేదవ్వా. కానీ ఆ ఇంటికి పోయి, రేపు జెరూషా ముఖం ఎలా చూడను?"

చివరికి గుర్రం జెరూషా గేటు దగ్గరికొచ్చింది. ఊళ్ళో ఏ కాన్పుకైనా ఒడి ఇచ్చేది జెరూషాయే. పీపాలెత్తి గట్టిపడిన చేతులు ఆమెవి. అవ్వ కిటికీలోంచి చూసింది. మేకుకు ఎబెన్ కోటు ఇంకా వేలాడుతోంది. ఎబెన్ పుట్టిన రోజున, కొత్త పెళ్ళికూతురుగా ఉన్న లిడియాయే జెరూషా చేయి పట్టుకుని నిలబడింది, గోళ్ళు దిగి రక్తం వచ్చినా వదల్లేదు. అదంతా అవ్వకు గుర్తొచ్చింది. ఈ తల్లిని ఆ ఇంటికి రమ్మని ఏ నోటితో అడగను అనుకుని, గుర్రాన్ని వెనక్కి తిప్పింది. దయ చూపించాననే అనుకుంది పాపం.

ఇక గత్యంతరం లేక జొనాస్‌నే కుర్చీలో కూర్చోబెట్టింది. మగవాడు పురిటిగదిలో ఉండడం ఆ ఊరు పుట్టాక అదే మొదలు. పెళ్ళాం పెట్టిన మొదటి కేకకే అతని ముఖం పాలిపోయింది. రెండో కేకకు, ఎవరిని ఎవరు పట్టుకున్నారో తెలియలేదు. మధ్యాహ్నానికి లిడియా మాట సన్నబడింది. అవ్వ జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని పనిచేసింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. జెరూషా వచ్చింది.

"నీ గుర్రం నా గేటు దాకా వచ్చి వెనక్కి పోవడం చూశాను" అంది అవ్వతో. "ఈ ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా నన్ను పిలిచావు. ఇవాళ నా తలుపు తట్టలేదు. కొడుకు పోతే నేనూ పోయినట్టేనా?"

"నీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేకనే తల్లీ."

"నా మనసు సంగతి నన్నడగాలి. ఊరంతా నా బిడ్డను అడ్డం పెట్టుకుని ఇళ్ళల్లో కూర్చుంది. వాళ్ళ పిరికితనానికి వాడి పేరెందుకు?"

అవ్వ తల వంచుకుని కుర్చీ వైపు చూపించింది.

జెరూషా జొనాస్ వైపు తిరిగింది. "నువ్వు లే. నీతో మాట్లాడొద్దని కమిటీ చెప్పింది. చెప్పకపోయినా మాట్లాడను." అతను లేచి గోడ పట్టుకుని బయటికి పోయాడు. ఆమె ఆ కుర్చీలో కూర్చుని లిడియాను ఒళ్ళోకి లాక్కుంది. లిడియా ఏదో చెప్పబోయింది. క్షమించమని కావచ్చు.

"మాటలు తర్వాత" అంది జెరూషా. "నా చేయి పట్టుకో. ఎంత గట్టిగానైనా రక్కు. నీకు నేను బాకీ."

జెరూషా వీధి మధ్యలోంచి తలెత్తుకుని నడిచి రావడం ఊరంతా చూసింది. ఇక దాక్కోవడానికి సాకు మిగల్లేదు. ముందు దెబోరా వచ్చింది, ఆమె వెనక మిగతావాళ్ళు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది, కమిటీ వాళ్ళకు వినపడేంత గొంతుతో. కేకు మొత్తం అయిపోయింది. జెరూషా ఒక్కతే ముక్క ముట్టలేదు. బిడ్డను ఎత్తుకుని, ఎబెన్ పోయాక మొదటిసారి నలుగురి ముందూ ఏడ్చింది.

వసంతంలో రాజుగారి సైన్యం బోస్టన్ వదిలి ఓడలెక్కింది. జొనాస్‌కూ ఊళ్ళో నూకలు చెల్లాయి. ఉత్తరాన ఇంకా రాజుగారి ఏలుబడిలోనే ఉన్న హాలిఫాక్స్‌కు పొమ్మన్నారు. బండి వీధిలో కదులుతుంటే ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అవ్వ మాత్రం చెమిటి గుర్రాన్ని బండి పక్కనే నడిపించింది.

జెరూషా గేటు దగ్గర లిడియా బండి ఆపించి, దిగి వెళ్ళి తలుపు తట్టింది. జెరూషా వచ్చి గడప మీద కూర్చుంది. చేతులు చాపి బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. పళ్ళు వస్తున్నాయా అని అడిగింది. రెండొచ్చాయంది లిడియా. బండి మీద జొనాస్ టోపీ తీశాడు. జెరూషా అటు చూడలేదు.

బిడ్డను తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం లిడియా చేయి పట్టుకుని ఆపింది.

"అక్కడ నీకు నొప్పులొస్తే ఒళ్ళో కూర్చోబెట్టుకునేదెవరే?"

ఎవరూ లేరన్నట్టు లిడియా తల అడ్డంగా ఊపింది. బండి వెళ్ళిపోయింది. అవ్వ గుర్రం దిగి, జెరూషా పక్కన గడప మీద కూర్చుంది.