చింతామణి రైల్లో పాప పేరు పలికాను

ఇరవై రెండు రోజుల నా పాప పోయింది. పేరు రుక్మిణి. నెల తిరగకముందే మా అత్తగారింట ఆ పేరు పలకడం మానేశారు. పాలు ఇంకిపోవాలని నా రొమ్ములకు మల్లెపూలు కట్టి, "ఆడపిల్లే కదా, మల్లా పుడతాది. మొగం అట్ల పెట్టుకోవద్దు" అంది అత్త. ఆ మాట విన్నాక ఆ ఇంట్లో నాకు ఊపిరాడలేదు. చింతామణిలో అమ్మ దగ్గరికి పోతానని ఎవరినీ అడగకుండా మూట కట్టుకున్నాను.

బాగేపల్లిలో ఉదయం ఏడింటికి బస్సు, టిక్కెట్టు ఆరణాలు. యుద్ధం మూలాన పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుమీద నడుస్తున్నాయి. పేరేసంద్రలో బొగ్గు పొయ్యి కెలకడానికి అరగంట ఆపారు. డ్రైవరు నన్ను చూసి, "ఒక్కదానివే వచ్చినావా అమ్మా? మొగోళ్లు యాడ?" అన్నాడు. "ఇంట్లో ఉండారు, కడుపునిండా తింటాండారు" అన్నాను. అతను పొయ్యి వైపు తిరిగి బొగ్గు కెలకసాగాడు.

పదిన్నరకు చిక్కబళ్ళాపురం చేరాం. పన్నెండింటికి చింతామణి వైపు పోయే చిన్న రైలు ఎక్కాను. ఆడవాళ్ల పెట్టెలో నా ఎదుట నాగరగెరె ఊరి మంత్రసాని ఒకామె కూర్చుంది, జుట్టంతా తెలుపు. శిడ్లఘట్ట దాటాక పెట్టెలో ఎవరి బిడ్డో ఏడ్చింది. అంతే, నా రవికె పాలతో తడిసిపోయింది. కొంగు లాక్కున్నాను. ఒళ్లు మండిపోయింది.

తడిసిన రవికెనూ ఖాళీ ఒడినీ ఆమె చూసింది. "యాడ నొస్తాందమ్మా?"

"యాడా లేదు."

"అబద్ధం. భుజాలు చెవులదాకా ఎక్కించుకోనుండావు. పండ్లు బిగించినావు. చెయ్యి పెట్టి చూపించు."

ఇన్నాళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. ముందు దవడమీద చెయ్యి పెట్టాను. తర్వాత గొంతుమీద, ఆ తర్వాత ఊపిరి ఆగిపోయే చోట, రొమ్ముల నడుమ.

"ఏడుపు రాలేదు అవ్వా. కోపం వస్తాంది."

"రానీ. బిగబట్టుకుంటే అది యాడికి పోతాది? పాదాలు కింద ఆనించు. ఊపిరి ఇడువు. పోయిన బిడ్డ పేరేమి?"

"రుక్మిణి!" అన్నాను, పెట్టెలో అందరికీ వినబడేలా. ఒళ్లంతా వణికింది, ఆ పైన కన్నీళ్లు. ఏడ్చినంతసేపూ ఆమె నా వీపుమీద అరచెయ్యి ఉంచింది. ఒక్కసారి కూడా ఊరుకోమనలేదు.

మూడు దాటాక ఇల్లు చేరాను. అమ్మ ఎదురొచ్చి, "మరిచిపో తల్లీ" అంది.

"మరిచిపోను! నువ్వు కూడా ఆ మాటే చెప్తావా?" అని అరిచాను.

అమ్మ గడపమీదే కూలబడింది. పొత్తికడుపుమీద చెయ్యి పెట్టుకుని, "నీకంటే ముందు ఒకడు పుట్టినాడు. తొమ్మిది దినాలు బతికినాడు. పేరు కూడా పెట్టనీలేదు" అంది. ఇన్నేళ్లుగా ఆమెకు అక్కడ నొప్పి. అజీర్తి అనుకుని మేమంతా వాము నీళ్లు ఇచ్చేవాళ్లం!

ఈ దారిన వచ్చేవాళ్లు బాగేపల్లిలో మొదటి బస్సే ఎక్కండి, రెండోదైతే చిక్కబళ్ళాపురంలో రైలు తప్పిపోతుంది. దుఃఖం దాచుకోమనేవాళ్లకు మన మొహం బాగుంటే చాలు. దవడ, వీపు, కడుపు ఏమైపోయినా వాళ్లకు పట్టదు. నెల తర్వాత అత్తగారింటికి తిరిగి వెళ్లాను. ఇప్పుడు ఆ ఇంట్లో పాప పేరు పైకే పలుకుతాను. వినలేనివాళ్లు లేచి బయటికి పోతారు. పోనీ.