క్రేన్‌లో లేని జారుడు

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. ఇంట్లో నన్ను దోమ కుడితే, ఆఫీసుకు చేరేసరికి అది గద్ద అవుతుంది. నా పెళ్లిలో పులుసు పలచగా ఉందన్న కథ ఇప్పటికి ఎంత పెరిగిందంటే, అందులో ఇద్దరు బంధువులు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. కాబట్టి ఇక్కడ చదివేవాటిలో కొన్నిటిని మీరు సగానికి కోసుకోండి. ఒకటి మాత్రం పూర్తిగా కొట్టేయాల్సి ఉంటుంది. అదేదో చివర చెబుతాను, ధైర్యం మిగిలితే.

పదేళ్లు దాటింది నేను ఒక బరువు మోస్తూ. దాన్ని మాత్రం పెంచి చెప్పడం నా వల్ల కాలేదు. అసలు చెప్పడమే కాలేదు. మధురవాడలో ఫ్లాట్ కొనుక్కున్నాను, జుట్టుకు రంగేసుకుంటున్నాను, నలుగురు చేరిన చోట నేను లేకపోతే నవ్వులే ఉండవని పేరు. ఆ నవ్వుల నడుమ ఎవరైనా చెయ్యి చాచి టీ గ్లాసు అందిస్తే చాలు, నాకు నూకరాజు గుర్తొస్తాడు.

తొంభైల నడుమ గాజువాకలో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఇప్పుడది లేదు. పాత క్రేన్లకు కొత్త మోటార్లు బిగించి, ఇంకాస్త బరువు మోసేలా చేసిపెట్టడం మా పని. మా పెద్దాయన మీసం ముందు ఆఫీసులోకి వచ్చేది, ఆయన వెనకాల తాపీగా వచ్చేవారు. ఉన్న ఒక్క కంప్యూటర్ ఎంత నెమ్మదంటే, లెక్క మొదలుపెట్టి సింహాచలం వెళ్లి, దర్శనం చేసుకుని, పులిహోర తిని, చెయ్యి కడుక్కుని వచ్చినా అది ఇంకా ఆలోచిస్తూనే ఉండేది.

అక్కడ నాకున్న గొప్ప ఒక్కటే. బాండ్ గ్రాఫ్‌లు గీయడం వచ్చు. యంత్రంలో శక్తి ఎటు నుంచి ఎటు పోతోందో చూపే బొమ్మ అది. కరెంటైనా, తిరిగే ఇరుసైనా, గొట్టంలో నూనె ఒత్తిడైనా అన్నిటికీ ఒకటే రకం గీత, గీత చివర సగం బాణం. ఒక్కో గీత మీద రెండే సంగతులు: ఎంత బలంగా తోస్తోంది, ఎంత వేగంగా కదులుతోంది. అందులో నాకు నచ్చింది, భయపెట్టింది కూడా ఒకటే. ఆ బొమ్మ కోతలు ఒప్పుకోదు. వచ్చిన శక్తి ఎంతో పోయే శక్తీ అంతే ఉండాలి. నాలాంటివాడికి అలాంటి బొమ్మతో పనేమిటని మీరు అడగొచ్చు. నేనూ నన్ను అడిగి చూసుకున్నాను.

నూకరాజు హార్బర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేన్ ఆపరేటర్. సముద్రం మీద బతికే కుటుంబంలో పుట్టి, పడవెక్కితే వాంతులు చేసుకునే మనిషి. "మా ఇంటా వంటా లేని రోగం బావ, సేపలే నన్ను సూసి నవ్వుతాయి" అనేవాడు. సముద్రాన్ని తప్పించుకోవడానికే క్రేన్ ఎక్కాడు. కోతల్లో నన్ను మించినవాడు. తన కేబిన్ నుంచి చూస్తే సిలోన్‌లో ఎవరింట్లో ఏం కూర వండుతున్నారో తెలుస్తుందనేవాడు. కొలతలకని వెళ్లాను; టీ కొట్టు దగ్గర ఒకరి అబద్ధం ఇంకొకరు మెచ్చుకుంటూ బావా బావా అనుకునేదాకా వచ్చాం.

అతని క్రేన్‌కే మేం కొత్త మోటారు పెట్టాం. తేల్చాల్సిన ప్రశ్న ఒకటే: పెరిగిన బరువుకు పాత బ్రేకు చాలుతుందా?

బొమ్మ గీసి అతనికి చూపించాను. మోటారు, గేర్లు, డ్రమ్ము, తాడు, బరువు. బ్రేకు దగ్గర హేండిల్ నుంచి వచ్చే గీత పక్కన సరదాకి 'నూకరాజు' అని రాశాను. అతని మొహం చూడాలి. జిరాక్స్ తీయించుకుని కేబిన్‌లో సింహాద్రి అప్పన్న పటం పక్కన అంటించుకున్నాడు. అంటించే ముందు వేలు పెట్టి అడిగాడు.

"ఇదేటి బావ, నా పక్కన ఇంకెవుడో కూకున్నాడు?"

"ఆడు ఉత్తినే కూకున్నాడు బావ. ఎల్లిపోతాడులే."

ఆ కూర్చున్నది 'ఆర్' అనే అక్షరం, శక్తి వేడిగా పోయే చోటికి గుర్తు. దాని సంగతి చెప్పాలి, తప్పు అక్కడే ఉంది కాబట్టి. ఈ బొమ్మల్లో ప్రతి గీతకూ ఒక అడ్డగీత పెట్టాలి. రెండు వైపుల్లో ఎవరు వేగాన్ని నిర్ణయిస్తారు, ఎవరు బలంతో జవాబు చెబుతారు అని తేల్చే గీత అది. బ్రేకు పట్టేది డ్రమ్మునే. ఆ డ్రమ్మూ, తాడుకు వేలాడే బరువూ అక్కడ తగువు పడ్డాయి. ఉక్కు తాడు సాగదనుకుంటే ఇద్దరిదీ ఒకటే వేగం, కానీ వేగం మాదంటే మాదని ఇద్దరూ పట్టుబట్టారు. కంప్యూటర్ మొండికేసింది. ఇలాంటప్పుడు మాబోటివాళ్లకు ఒక దొంగదారి ఉంది. తాడు డ్రమ్ము మీద కాస్త జారుతోందని, ఆ జారుడులో కొంత శక్తి వేడిగా పోతోందని ఇద్దరి మధ్యా ఒక ఉత్తుత్తి ఆర్ పెట్టేస్తే తగువు తీరుతుంది, లెక్క నడుస్తుంది. నడిచాక దాన్ని తీసేసి, ఆ చోటు లెక్క చేత్తో కట్టుకోవాలి. తీసేద్దామనుకున్నాను. మరిచిపోయాను.

బరువు కిందికి దిగేటప్పుడు దాని శక్తి చాలామటుకు బ్రేకులో వేడి కావాలి. నా బొమ్మలో అందులో పెద్ద ముక్కను ఆ లేని జారుడు తినేసింది. కాగితం మీద బ్రేకు చల్లగా ఉంది. పాత బ్రేకే చాలునని రిపోర్టు వెళ్లింది. జన్మలో ఒక్క సంగతిని ఉన్నదానికన్నా తగ్గించి చెప్పాను. ఆ వేడిని.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం, పొద్దుట్నుంచీ ఆపకుండా ఇనుప కడ్డీల కట్టలు ఓడలోకి దించుతుంటే బ్రేకు పట్టు వదిలేసింది. కట్ట వెళ్లి ఓడ గర్భంలో పడింది. కింద ఉండే కూలీలు అప్పుడే అన్నాలకు పైకి వచ్చేశారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ చప్పుడు భీమిలి దాకా వినిపించిందని తర్వాత చాలామందికి చెప్పాను. నిజానికి అప్పుడు నేను అక్కడ లేను. ఆఫీసులో వడ తింటున్నాను.

పెద్దాయన పిలిచి, లెక్క సరిగ్గానే ఉందా అన్నారు. ఉందండీ అన్నాను. లెక్క సరైనదైతే తప్పు మనిషిది. ఆపరేటర్ హేండిల్ దురుసుగా లాగాడని కాంట్రాక్టరు తేల్చేశాడు. నూకరాజును క్రేన్ దించేశారు.

ఆ వారంలోనే వచ్చాడు. కేబిన్ నుంచి తెచ్చిన జిరాక్స్ నా బల్ల మీద పరిచి, మడతలు అరచేత్తో సాఫు చేశాడు.

"నాను నిమ్మళంగానే లాగినాననుకుంతన్నాను బావ. ఆలు కాదంతన్నారు. నువ్వు సెప్పు. ఇది నువ్వు గీసిందే కద, అబద్దం ఆడదు కద."

"ఆడదు," అన్నాను.

"మరయితే ఇక్కడే కద పోనాది?" అని తన పేరు మీద వేలు పెట్టాడు.

ఆ వేలి పక్కనే ఆర్ ఉంది. ఇంకొంచెం పక్కకు జరిపితే దాని మీదే పడేది.

"ఒక్కోసారి మనకు తెలియకుండానే చెయ్యి తొందరపడుతుంది," అన్నాను. అతనితో ఎప్పుడూ లేనిది, పుస్తకంలోలా మాట్లాడాను. బావా అని కూడా అనలేదు.

"నా సెయ్యా?"

"చెయ్యే."

కాసేపు తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నోటికే తొందరనుకున్నాను బావ. సెయ్యి కూడానన్నమాట," అని నవ్వాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక ఆర్ తీసేసి, లెక్క మళ్లీ కట్టాను. బ్రేకు ఎర్రగా కాలింది, కాగితం మీద. పెద్దాయనతో ఏమన్నానో తెలుసా? ఆపరేటర్లు ఇలాంటి పొరపాట్లు చేస్తుంటారు కాబట్టి, జాగ్రత్త కోసం పెద్ద బ్రేకు వేయిద్దామన్నాను. వేశారు. కొత్త ఆపరేటర్ చేతిలో క్రేన్ చక్కగా నడిచింది. చూశారా, మనిషి మారగానే అంతా సర్దుకుందని రేవులో అందరూ అన్నారు. యంత్రాన్ని బాగుచేశాను. బాగుచేసి, అతని మీద పడ్డ మచ్చను గట్టిపరిచాను. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? ఇన్ని మాటలున్న నోరు. ఒక్క అక్షరం చెప్పలేకపోయింది.

నూకరాజు తన మేనమామ పడవలో పనికి ఎక్కాడు. వాంతులు చేసుకుంటూనే వేటకు వెళ్లేవాడట. తర్వాత ఒకసారి కూతురి బారసాలకు పిలిచాడు. పూర్ణా మార్కెట్‌లో వెండి గజ్జెలు కొనుక్కుని వెళ్లాను. పాప ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి తిరుగుతోంది, నా దగ్గరకూ వచ్చింది. తండ్రికి ఇవ్వబోతే వెనక్కి జరిగి, చేతులు వీపు వెనక పెట్టుకున్నాడు.

"ఎత్తుకోడన్నయ్యా," అంది అతని భార్య పైడమ్మ. "పుట్టిన కాణ్ణుంచి ఇదే వరస. సెయ్యి జారిపోతాదంట."

అందరూ నవ్వారు. నూకరాజూ నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఎలా నవ్వాను?

నూకరాజు ఈ మధ్యే కామెర్లతో పోయాడు. నాకు ఆలస్యంగా తెలిసింది, టీ కొట్టు దగ్గర. ఆ పాపను ఎప్పుడైనా ఎత్తుకున్నాడో లేదో అడగాలనిపించింది. ఎవరిని అడగను?

చివర చెబుతానన్న మాట ఉంది. మీసం, కంప్యూటర్, భీమిలి దాకా వెళ్లిన చప్పుడు, ఇవన్నీ పెంచినవి, అది మీకూ తెలుసు. కల్పించింది ఒక్కటే. మరిచిపోయాను అన్నాను చూడండి, అది.

మరిచిపోలేదు. రిపోర్టు మీద సంతకం పెట్టేటప్పుడు బొమ్మ నా ముందే ఉంది. ఆర్ తీస్తే లెక్క ఆగిపోతుంది, చేత్తో కట్టడానికి ఇంకొన్ని రోజులు కావాలి. పెద్దాయన ఆ పూటే నన్ను కాంట్రాక్టరు ముందు కూర్చోబెట్టి, ఈ ఊళ్లో ఇలాంటి బొమ్మ గీసేవాడు మావాడొక్కడే అని చెప్పబోతున్నారు. కారు బయట ఆగి ఉంది. నూకరాజు పేరు పక్కన కూర్చున్నవాణ్ణి కళ్లారా చూశాను. చూసి, సంతకం పెట్టి, పెన్ను మూత బిగించి, కారెక్కాను.