పచ్చరంగు కింద నంబరు

ఆ బండిని పోలీసులు తీసుకుపోతే, మా పాపకు మళ్లీ మూర్ఛ వచ్చిన రోజు నేనేం చేయాలి?

1978 జూన్ నెలంతా నాకు ఇదే బెంగ. సుమతికి అప్పటికి పద్నాలుగు నెలలు. జ్వరంతో ఒళ్లు కాలితే చాలు, కళ్లు తేలేసి కొట్టుకునేది. బీఎస్సీలో చదివినదంతా ఆ రెండు నిమిషాల్లో నా బుర్రలోంచి ఎగిరిపోయేది. అప్పటికి రెండుసార్లు వచ్చింది; రెండుసార్లూ పాపను నిలబెట్టింది రూతమ్మగారి ఇంజెక్షను. ఆవిడను వేళకు చేర్చింది ఆ మోటారు సైకిలు.

రూతమ్మగారు ఒరిస్సాలో మా ఊరు కకిరిగుమ్మలో మిషను ఆస్పత్రి నర్సు. స్వస్థలం భీమిలి. వయసు యాభై రెండు. చీర ఎగదోపి ఆవిడ బండెక్కితే సంతలో బేరాలు ఆగిపోయేవి. "ఈ వయసులో ఈ ఏసాలేటమ్మా?" అని ఎవరో అడిగితే, "ఈ వయసులో నడవలేకే గదేటి!" అన్నారట.

అది జర్మనీ బండి. మిషను డాక్టరమ్మ కోసం ఓడలో విశాఖపట్నం వచ్చింది. రిజిస్టరు చేయించేలోపే డాక్టరమ్మ స్వదేశం వెళ్లిపోవలసి వచ్చి, దాన్ని రూతమ్మగారి పేర రాసిచ్చింది. మూడేళ్లు షెడ్డులో పడి ఉంది. మా సంఘంవాళ్లు మాత్రం దాన్ని ఊరికే వదల్లేదు. క్రిస్మసుకు చర్చి బెంచీలకు పచ్చరంగు వేస్తారు. మిగిలిన రంగు పారబోయడానికి ఎవరికీ మనసొప్పదు. గేటుకూ, బాల్చీలకూ, చివరికి ఆ బండికీ పూసేవారు. మూడు క్రిస్మసులు, మూడు పూతలు.

ఆ తర్వాత రూతమ్మగారు దాన్ని బాగుచేయించి కాన్పులకు తిరగడం మొదలుపెట్టారు. నంబరు ప్లేటు లేదని పోలీసులు ఆపారు. నెలలోగా నంబరు తెచ్చుకోకపోతే బండి స్టేషనులో ఉంటుందన్నారు. ఫారాలు నింపడానికి నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఆవిడ కొరాపుట్ బయల్దేరారు. పాపను మా అత్తగారికి అప్పజెప్పి వచ్చాను. దారి పొడుగునా కళ్లు తెరవలేదు.

అక్కడి రవాణా ఆఫీసు గుమాస్తా ఒరియా మనిషి. తెలుగు బాగానే వచ్చు. ఓడ కాగితం, సుంకం రసీదు, దానపత్రం అన్నీ చూసి తలూపాడు. తర్వాత పెన్సిలూ పల్చని కాగితమూ తీసుకుని బండి దగ్గరికొచ్చాడు. హ్యాండిలు కింద, బండి మెడ మీద కంపెనీవాళ్ల నంబరు చెక్కి ఉంటుంది. దానిమీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు తేలతాయి. ఆ కాగితం ఫైల్లో ఉండాలి. అతను ఎంత రుద్దినా కాగితం నల్లబడింది గాని ఒక్క అంకె రాలేదు.

"నంబరు చెరిపేశారు, మావుసీ," అన్నాడు. పిన్నిని ఒరియాలో అలాగే పిలుస్తారు. "దొంగబండ్లే ఇలా ఉంటాయి. ఇక్కడే వదిలి వెళ్లండి. విచారణ జరగాలి."

"ఎన్నాళ్లు?"

"నాలుగు నెలలో, ఆరో."

అంటే వానాకాలం మొత్తం. రూతమ్మగారు వెళ్లి సీటు మీద కూర్చున్నారు.

"అయితే నానూ ఇక్కడే ఉంటాను. బండితోపాటు నాకూ రసీదు రాయి, నాయనా."

వరండాలో జనం నవ్వారు. నేను ఆవిడ చెవిలో, "బతిమాలి ఇంటికి తీసుకుపోదామండీ. రంగు నేను థిన్నరుతో నెమ్మదిగా తీస్తాను," అన్నాను.

"ఇంటికాడ తీస్తే నంబరు మనవే సెక్కేవంటాడు, అమ్మీ. ఆడి కళ్లముందే తియ్యాల. ఎల్లి తిన్నరు అట్టుకురా."

"గీకితే అంకెలు అరిగిపోతేనో?"

"నువ్వు సైన్సు సదివినావా, బయపడ్డం సదివినావా?"

బజారుకు పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి గుమాస్తా లోపలికి పోబోతుంటే ఆవిడ ఆపుతున్నారు.

"నాకు పనుంది, మావుసీ."

"ఇది పని కాదేటి? దొంగన్నావు గదా, దొంగ దొరికేదాకా నిలబడు."

సంచిలోంచి దూది తీసి, థిన్నరులో ముంచి రుద్దడం మొదలుపెట్టారు. ఒక పచ్చ పోయింది. కింద ఇంకో పచ్చ. దానికింద మూడోది. ఆవిడ వేళ్ల చర్మం తెల్లగా పాలిపోయింది. చివరికి నల్లటి ఇనుము మీద అంకెల వరస కనబడింది. ఓడ కాగితంలో చివరి అంకె ఎనిమిది. బండి మీద మూడులా ఉంది. గుమాస్తా వంగి చూసి, తనే దూది అందుకుని ఆ గాడిలో గట్టిగా రుద్దాడు. ఇరుక్కున్న రంగు ఊడి మిగతా సగం బయటపడింది. ఎనిమిదే.

పెన్సిలు రుద్ది, ఓడ కాగితంతో రెండుసార్లు సరిచూసుకున్నాడు. "ఈసారి బెంచీలకు రంగు తక్కువ కొనండి, మావుసీ," అన్నాడు.

"నువ్వోసారి మా సర్చికి రా. నీకూ ఓ పూత ఏత్తాం."

నంబరు ఆ వారంలోనే వచ్చింది. ఆ వానాకాలంలో పాపకు మరోసారి మూర్ఛ వచ్చింది; రూతమ్మగారూ వచ్చారు.

ఇప్పుడు సుమతికి ఐదేళ్లు. మూర్ఛలు ఆగిపోయాయి. అయినా ఒకప్పుడు వచ్చేవని తెలిసి, బడిలో చేర్చుకోవడం కుదరదన్నారు. మూడు రోజులుగా ఆ బడి వరండాలో కూర్చుంటున్నాను. భయం మాత్రం పోలేదు. కొరాపుట్ నుంచి తిరిగొస్తూ టీ దుకాణం దగ్గర, నాకు చాలా భయమేసిందని రూతమ్మగారితో అంటే ఆవిడ చెప్పిన మాట పట్టుకుని కూర్చున్నాను:

"బయపడు, ఎవరొద్దన్నారు? గాని కుదరదంటే ఇంటికి ఎలిపోకు. ఎందుకు కుదరదో సూపించమను. సూపించేదాకా కదలకు."